ఊటాదేవి శిలాప్రతిమ

జర్మనీ దేశమందలి నౌంబుర్గ్ పట్టణమున ప్రాచీనమైన క్రైస్తవ దేవాలయ మొకటి కలదు. దాని పడమటి భాగమున గోడల నానుకొని నిలువెత్తు శిలాప్రతిమలు పండ్రెండు నిలిచియున్నవి. తొలినాళ్లలో ఆలయమునకు దానము లొసగిన ప్రభువుల యొక్కయు, వారి యింటి స్త్రీల యొక్కయు ప్రతిమలవి. స్త్రీలు నలుగురే. వారిలో ఊటా యను సామంతరాజపత్ని జగత్ప్రసిద్ధురాలు.

ఆమె తలపై కిరీటము. దాని క్రింద తలను, గడ్డమును కలిపి చుట్టిన నారబట్ట పట్టీ. వివాహిత కది గుర్తు; మన స్త్రీలకు మంగళసూత్రము వంటిది. భుజములనుండి నేలవరకు జీరాడు బరువైన పైవస్త్రము. దాని అంచును కుడిచేత చెంపవరకు ఎత్తిపట్టి, ఎడమచేత మడతలను పోగుచేసికొన్నది. చలిగాలి సోకినదో, పరుల చూపు సోకినదో! కుడిచేయి వస్త్రము చాటుననే యున్నను దాని యాకారము పైకి తెలియుచునే యున్నది. రాతిలో అట్టి మెత్తదనము తెచ్చుట సామాన్యము కాదు.

అయితే, ఊటా 11వ శతాబ్ది స్త్రీ. ఆమె భర్త ఎక్కెహార్డు 1046లో సంతానము లేకయే గతించెను. ప్రతిమయో సుమారు 1250లో చెక్కబడినది. శిల్పి ఆమె నెన్నడు చూచినాడు? ఆ ముఖ మామెది కాదు. ఆ వస్త్రము లామె ధరించినవియు కావు. తాను కన్నులార చూచిన దొరసానుల వేషమునే అతడు రెండువందల యేండ్ల నాటి యిల్లాలికి తొడిగెను. మన రవివర్మయు దమయంతికి తన కాలపు చీరనే కట్టలేదా? కావుననే వస్త్రచరిత్ర వ్రాయువారు ఈ ప్రతిమను ఊటా కాలమునకు గాక శిల్పి కాలమునకు సాక్ష్యముగా గొందురు. నాడు పూసిన రంగుల జాడలు నేటికిని ఆ రాతిపై అక్కడక్కడ కానవచ్చును.