కంటైనర్ల కొలువులకు తొలి మెట్టు డాకర్ డెస్క్‌టాప్

ఫైనలియర్ ప్రాజెక్టు హాస్టల్ గదిలో చక్కగా నడుస్తుంది. వైవా రోజున కాలేజీ ల్యాబ్‌లో మాత్రం ఎర్రర్ల మీద ఎర్రర్లు. అక్కడి పైథాన్ వెర్షన్ వేరు, ఒక లైబ్రరీ ఉండదు, డేటాబేస్ సెట్టింగులు కలవవు. ఇదే చిక్కు కంపెనీల్లోనూ ఎదురవుతుంది. ప్రోగ్రామునూ, అది నడవడానికి కావలసిన సరంజామానంతటినీ ఒకే మూటగా కట్టి, వేరే కంప్యూటర్లోనూ అలాగే నడిచేలా చేసేదే కంటైనర్. 2013 మార్చిలో అమెరికాలో జరిగిన పైకాన్ సదస్సులో సోలమన్ హైక్స్ కంటైనర్లను తయారుచేసి నడిపే డాకర్‌ను పరిచయం చేశాక వాటి వాడకం ఊపందుకుంది. డెవాప్స్, క్లౌడ్, బ్యాకెండ్ ఉద్యోగాలు కోరుకునేవారు ఇప్పుడు దీన్ని నేర్చుకోక తప్పదు.

ఇన్‌స్టాల్ చేసేముందు

డాకర్‌ను సొంత ల్యాప్‌టాప్‌లో నడిపే యాప్ డాకర్ డెస్క్‌టాప్. విండోస్ వాడేవారికి దీనికోసం 10 లేదా 11 వెర్షన్ ఉన్న 64 బిట్ ల్యాప్‌టాప్ కావాలి. ర్యామ్ 8 జీబీ ఉంటే ఇబ్బంది ఉండదు. మొదట టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ మీద నొక్కాలి. అక్కడ ‘వర్చువలైజేషన్’ ఎదురుగా ‘ఎనేబుల్డ్’ అని ఉండాలి. లేకపోతే కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, బయోస్‌లోకి వెళ్లి ఆన్ చేయాలి. ఇంటెల్ చిప్ అయితే వీటీ-ఎక్స్, ఏఎండీ అయితే ఎస్‌వీఎం పేరుతో ఆ ఆప్షన్ ఉంటుంది. కొత్తవాళ్లలో చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

తర్వాత డబ్ల్యూఎస్ఎల్-2ను సిద్ధం చేసుకోవాలి. డాకర్ సాధారణంగా నడిపేవి లైనక్స్ కంటైనర్లు. విండోస్ లోపల వాటికి లైనక్స్ కెర్నెల్‌ను అందించేది ఇదే. అది అయ్యాక డాకర్ అధికారిక సైట్ నుంచి డెస్క్‌టాప్ యాప్‌ను దింపుకోవాలి. మ్యాక్ వాడేవారు యాపిల్ చిప్‌కో, ఇంటెల్ చిప్‌కో సరిపోయే ఫైలును చూసి ఎంచుకోవాలి.

పనిచేస్తోందా?

టెర్మినల్‌లో ‘డాకర్ రన్ హలో-వరల్డ్’ కమాండ్ ఇస్తే చిన్న సందేశం వస్తుంది. చాలామంది దాన్ని చదవకుండానే ముందుకెళ్లిపోతారు. చదివితే తెర వెనక జరిగిందంతా అందులోనే ఉంటుంది: కమాండ్ డాకర్ ఇంజిన్‌కు చేరింది, అది ఆన్‌లైన్ భాండాగారమైన డాకర్ హబ్ నుంచి ఇమేజ్‌ను, అంటే కంటైనర్‌కు అచ్చును, తెచ్చింది, ఆ ఇమేజ్ నుంచి కంటైనర్‌ను సృష్టించి నడిపింది. ఇమేజ్‌కూ కంటైనర్‌కూ తేడా ఏమిటని ఇంటర్వ్యూలో అడిగితే జవాబు ఇక్కడే దొరుకుతుంది.

తర్వాత ఎన్‌జినిక్స్ వెబ్ సర్వర్‌ను నడపాలి. కంటైనర్‌లోని 80వ పోర్టును ల్యాప్‌టాప్‌లోని 8080కి కలిపితే బ్రౌజర్‌లో పేజీ కనిపిస్తుంది. ఆపై ఒక డేటాబేస్ కంటైనర్ నడిపి, కొంత సమాచారం చేర్చి, కంటైనర్‌ను తొలగించి చూడండి. వాల్యూమ్ (సమాచారాన్ని కంటైనర్‌కు బయట దాచే చోటు) వాడకుండా కొత్త కంటైనర్ మొదలుపెడితే పాత సమాచారం కనిపించదు. వాల్యూమ్ ఎందుకో అప్పుడు బాగా బోధపడుతుంది.

లైసెన్సు మరవొద్దు

చదువుకూ, వ్యక్తిగత వాడకానికీ డాకర్ డెస్క్‌టాప్ ఉచితమే. 250 మందికన్నా తక్కువ ఉద్యోగులు, ఏడాదికి కోటి డాలర్లకన్నా తక్కువ ఆదాయం ఉన్న సంస్థలకు కూడా రుసుము లేదు. అంతకన్నా పెద్ద కంపెనీలు చెల్లించాలని 2021లో నిబంధన తెచ్చారు. అందుకే ఆఫీసు ల్యాప్‌టాప్‌లో సొంతంగా ఇన్‌స్టాల్ చేయకుండా ఐటీ విభాగాన్ని అడగాలి. దీనికి బదులుగా పాడ్‌మన్ డెస్క్‌టాప్, రాంచర్ డెస్క్‌టాప్ అనే ఓపెన్ సోర్స్ యాప్‌లూ ఉన్నాయి.

రెజ్యూమెలో రాసేముందు

‘డాకర్ వచ్చు’ అన్న ఒక్క మాటకు విలువ తక్కువ. మీ ప్రాజెక్టుకు సొంతంగా డాకర్‌ఫైల్ (ఇమేజ్ తయారీకి సూచనలుండే ఫైలు) రాయండి. అప్లికేషన్, డేటాబేస్ రెండూ కలిసి మొదలయ్యేలా కంపోజ్ ఫైల్ జతచేసి, గిట్‌హబ్‌లో పెట్టండి. స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో ఒకే కమాండ్‌తో అది నడిస్తే, అప్పుడు రెజ్యూమెలో రాయండి. ఎన్నో కంటైనర్లను ఒకేసారి నిర్వహించే కుబర్నెటీస్ దీని తర్వాతి పాఠం. దాన్ని సాధన చేసే సౌకర్యం కూడా డాకర్ డెస్క్‌టాప్ సెట్టింగుల్లోనే ఉంది.