చౌక కుంకుమపువ్వు: మోసపు లక్షణాలు

గర్భిణులకు పాలలో కలిపి ఇచ్చే కుంకుమపువ్వును నేడు పలువురు అంతర్జాలంలో కొంటున్నారు. ఒక్క గ్రాము సిద్ధం కావడానికి సుమారు 150 పూలను చేతితో కోసి, పూవుకు మూడేసి ఎర్రని కేసరాలను వేరుచేసి ఆరబెట్టాలి. ఇంతటి శ్రమతో కూడిన ద్రవ్యాన్ని గ్రాము 15 రూపాయలకే ఇస్తామంటే, ఆ ధరయే మోసానికి ప్రథమ లక్షణం.

ఒక్క లక్షణంతో రోగనిర్ణయం తగదు కనుక మరి రెండింటిని గమనించాలి.

1. అంగడి చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు లేకపోవడం. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఇవి తప్పనిసరి.

2. ముందుగానే సొమ్ము పంపమని తొందరపెట్టడం.

సొమ్ము పోయినచో జాప్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయాలి.

సరుకు అందినా గోరువెచ్చని నీటిలో వేసి పరీక్షించాలి. అసలైనది నీటికి నెమ్మదిగా పసుపువన్నె నిచ్చి, తాను ఎర్రగానే నిలుస్తుంది. నీరు వెంటనే ఎర్రబడి, కేసరాలు వెలిసిపోతే అది రంగు పూసిన నకిలీ. దానిని పాలలో వేయరాదు.