ముందు కాదనడం నేర్చుకో

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీర్వదించి రాసేది.

అమ్మలూ,

గుర్రపుసవారీ బడి కోసం నువ్వూ అల్లుడూ కలిసి వేసి పంపిన లెక్కల కాగితం నిదానంగా చదివాను. ఎనిమిది గుర్రాలు, ఒక్కోదానికి రోజుకు ఐదు సవారీలు, వారానికి ఏడు రోజులు, ఏడాదికి పన్నెండు నెలలు. గుణకారంలో తప్పేం లేదు, వచ్చే డబ్బూ ముచ్చటగానే ఉంది. కానీ ఆ కాగితంలో మే నెల ఎండ లేదు, మామిడి కోతలు లేవు, గుర్రానికి ఒంట్లో బాగాలేని రోజు ఒక్కటీ లేదు. ఉద్యోగమంతా పశువైద్యంలో గడిపినవాణ్ణి, అందులో కొన్నేళ్లు హైదరాబాదులో గుర్రాల మధ్యే ఉన్నవాణ్ణి అని నన్నడిగావు. నేను చెప్పేది ఒక్కటే. ఈ పనిలో నిలబడేది వచ్చినవాళ్లందర్నీ ఎక్కించుకున్నవాళ్లు కాదు, కాదనాల్సిన చోట కాదన్నవాళ్లు. ఎందుకో వివరంగా రాస్తాను, విసుక్కోకుండా చదువు.

ముందు గుర్రాల సంఖ్య. ఎనిమిది వద్దు, నాలుగుతో మొదలుపెట్టండి. 400 కిలోల గుర్రానికి రోజుకు దాని బరువులో వందకు రెండు వంతులు, అంటే 8 కిలోల ఎండుమేత కావాలి. నాలుగింటికి 32 కిలోలు, ఏడాదికి దగ్గర దగ్గర 12 టన్నులు. ఎక్కేవాళ్లు వచ్చినా రాకపోయినా అవి తినక మానవు. ఇక పని. పొద్దున రెండు గంటలు, సాయంత్రం ఒక గంట, వారంలో ఒకరోజు పూర్తి సెలవు. ఆ లెక్కన నాలుగు గుర్రాలూ కలిసి వారానికి 72 గంటలు పనిచేస్తాయి. అదే పైహద్దు. వానలు, పండగలు, పరీక్షలు, కుంటడాలు పోగా అందులో సగం మిగిలితే గొప్ప. ఆ సగంతోనే ఖర్చులు గట్టెక్కేలా ధర పెట్టండి. అంత ధర ఎవరిస్తారని అడుగుతావేమో. ఇచ్చేవాళ్లు తక్కువే ఉంటారు, నీకు కావలసిందీ ఆ తక్కువమందే.

పశువులతో బరువు మోయించడానికి మన దేశంలో 1965 నాటి నిబంధనలున్నాయి. రోజుకు మొత్తం 9 గంటలు మించకూడదు, విరామం లేకుండా 5 గంటలు మించకూడదు, 37 డిగ్రీలు దాటే చోట పగలు పన్నెండు నుంచి మూడు దాకా పని చేయించకూడదు. సామాను మోసే పొట్టి గుర్రం మీద 70 కిలోలకు మించి వేయకూడదు, ముళ్ల కళ్లెం వాడకూడదు. ఇవి చట్టం గీసిన ఆఖరి గీతలు. మీ గీత వాటికి బాగా ఇవతల ఉండాలి. గుర్రాల వాళ్లు సాధారణంగా పాటించే లెక్క ప్రకారం జీనుతో కలిపి ఎక్కే బరువు గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదు. 400 కిలోల గుర్రానికి అది 80. జీను, సామగ్రి పోగా మనిషికి 70. కాబట్టి గేటు దగ్గర కాటా పెట్టండి. "మా బావగారండీ, కాస్త లావు, ఒక్క రౌండే కదా" అని ఎవరో అంటారు. నవ్వుతూనే కాదనాలి.

కొనడానికి తొందరపడొద్దు. మలక్‌పేట రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్లు చవగ్గా దొరుకుతాయని అల్లుడు రాశాడు. నిజమే. కానీ అవి పరుగుకోసం తయారైన గుర్రాలు. వాటిని నెమ్మదింపజేసి, కొత్తవాళ్లు ఎక్కేలా మలచడానికి నెలలు పడుతుంది, చేయి తిరిగిన రౌతు కావాలి. మొదటి నాలుగూ పదేళ్లు దాటిన, నెమ్మదైన ఆడ గుర్రాలో, విత్తులు కొట్టించిన మగవో అయితే మేలు. విత్తులు కొట్టించని మగగుర్రం అసలు వద్దు. సంత చూడాలనుంటే నాందేడ్ జిల్లా మాళేగావ్ ఖండోబా జాతర ఉంది, తపతి ఒడ్డున సారంగ్‌ఖేడా ఉంది, రెండూ చలికాలంలోనే. అక్కడ మార్వాడీ గుర్రాల మెలిచెవులు చూసి మురిసిపోయి బయానా ఇవ్వకండి. మన భాషలో మనుమంచిభట్టు అనే పాతకాలపు కవి గుర్రాల మీద హయలక్షణవిలాసం అనే గ్రంథమే రాశాడు. సుడులు, రంగులు చూసే అలవాటు మనకు అంత పాతది. చూడండి, తప్పులేదు. కానీ ముందు గిట్టలు చూడండి, నాలుగు కాళ్లూ గట్టినేల మీద నడిపించి చూడండి, పక్కనుంచి మోటారు సైకిల్ పోనిచ్చి చూడండి. గ్లాండర్స్ రక్తపరీక్ష కాగితం లేకుండా లారీ ఎక్కించొద్దు. అది మనుషులకూ సోకే జబ్బు. హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఆ పరీక్షలు చేస్తుంది. జబ్బు ఉందని తేలిన గుర్రాన్ని 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం కింద చంపెయ్యాల్సిందే. చవక బేరం అక్కడికి చేరుతుంది.

మేత విషయంలో మన ఊరి అలవాట్లే గుర్రానికి శత్రువులు. గేదెకు పెట్టేదంతా గుర్రానికి పనికిరాదు. తవుడులో భాస్వరం ఎక్కువ, సున్నం తక్కువ. బాగా పెడుతూపోతే ఎముకల్లోని సున్నం కరిగి మొహం ఎముకలు ఉబ్బుతాయి. పాడిరైతులు గొప్పగా చెప్పుకునే సూపర్ నేపియర్‌లో ఆక్జలేట్లు ఉంటాయి, అవీ సున్నాన్ని ఒంటబట్టనివ్వవు. ఆ రెండూ కలిపి పెడితే కీడు రెట్టింపు. ఎండిన గరిక, ఓట్ల మేత, కొంచెం లూసర్న్ పెట్టండి. పనిచేసే గుర్రానికి ఉడకబెట్టిన ఉలవలు కొద్దిగా చాలు. కోళ్లఫారాల దగ్గర మిగిలిన దాణా ఎవరైనా ఉచితంగా ఇస్తామంటే ఆ బస్తా గేటు దాటనివ్వకండి. కోళ్లకు వేసే మోనెన్సిన్ అనే మందు కొద్దిగా కలిసినా గుర్రం గుండె దెబ్బతిని చచ్చిపోతుంది. గన్నేరు సంగతీ అంతే, గుప్పెడు ఆకులు చాలు. పూజ పూల కోసమని పెరట్లో ఉన్న మొక్కను తీసేయించు, మీ ఊరి పక్క హైవే మధ్య నాటినవి ఎలాగూ ఉన్నాయి, గుర్రాన్ని అటు పోనివ్వకు. గట్ల మీద ఆముదం మొక్కలూ పీకించు. గుర్రానికి వాంతి చేసుకునే శక్తి లేదు. లోపలికి వెళ్లిందంటే దాని దారి ఒక్కటే.

ఇప్పుడు బావ మామిడితోట. తోటలో సవారీ అనేది మీ ఇద్దరి కలల్లో పెద్దది కనుక ఇక్కడ కాసేపు ఆగుతాను. బావ ఏటా కాపు వ్యాపారికి అమ్ముతాడు కదా. అమ్మిన రోజు నుంచి కోత అయ్యేదాకా ఆ చెట్ల కింద పెత్తనం వ్యాపారిది, అతని కాపలావాళ్లది. బేరం కుదిరేటప్పుడే గుర్రాల దారి విడిగా రాయించుకోండి. డిసెంబరు, జనవరి నెలల్లో పూత మీద తేనెమంచు పురుగుకు మందు కొడతారు. కొట్టిన చోటికి గుర్రమైనా మనిషైనా వెళ్లకూడదు. అక్కడి గడ్డి మేపకూడదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కోతలు, ట్రాక్టర్లు, కూలీల హడావుడి. రాలిన రసాలు తిన్న గుర్రానికి గొంతులో టెంక అడ్డం పడొచ్చు, పులిసిన పళ్లు తింటే కడుపునొప్పి, గిట్టల వాపు. పాత రసాల చెట్ల కొమ్మలు కిందికి వాలి ఉంటాయి. గుర్రం తలకు అందవు, పైనున్నవాడి తలకు తగులుతాయి. బావ కొమ్మ కొట్టనివ్వడు, కొట్టమని అడగొద్దు కూడా. దారే మార్చుకోండి. బోరు మోటారు స్టార్టర్ల దగ్గర నేలమీద వైర్లు, అడవిపందుల కోసం చుట్టుపక్కలవాళ్లు దొంగతనంగా పెట్టే కరెంటు తీగలు ఇంకా ప్రమాదం. ఇనుప లాడాలున్న గుర్రం తడినేలలో కరెంటుకు మొదట చిక్కుతుంది. ప్రతి ఉదయం ఎవరో ఒకరు దారంతా నడిచి చూసి రావాలి, ఆ తర్వాతే జీను.

ఇదంతా తీసేస్తే తోట సవారీకి మిగిలేది దసరా వెళ్లాక రెండు మూడు నెలలు, ఆపైన మందు కొట్టని చోట్ల కొన్ని ఉదయాలు. నూజివీడు వైపు ఎర్రనేల కనుక వాన వెలిశాక త్వరగా ఆరుతుంది. హైవేకు దక్షిణాన నల్లరేగడి చేలు, కాలువ గట్లు, అక్కడ వానాకాలం గుర్రం కాలు దిగబడుతుంది. గుర్రం మీద హైవే దాటే ఆలోచన ఏ రోజూ వద్దు. మల్లవల్లి పారిశ్రామికవాడ వచ్చాక ఆ పక్క రోడ్ల మీదా లారీలు పెరిగాయి. కాబట్టి తోట సవారీని పండగ భోజనంలా చూడండి, రోజువారీ అన్నం పాఠాలే. ఎత్తైన చోట 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవున ఇసుక పోసి గట్టి కంచె వేసిన మైదానం కావాలి. మొదటి పాఠంలో గుర్రం ఎక్కించొద్దు. ఒళ్లు తోమడం, గిట్టలు శుభ్రం చేయడం, పట్టుకుని నడిపించడం. విజయవాడ నుంచి కారులో తీసుకొచ్చిన తల్లిదండ్రులు "డబ్బు కట్టింది తోమడానికా" అంటారు. ఆ మాట పడగలిగితేనే పిల్లలకు సవారీ వస్తుంది. నూజివీడు ట్రిపుల్ ఐటీ పిల్లలు, చుట్టుపక్కల బడుల పిల్లలు నెలల తరబడి వచ్చేవాళ్లయితే మీకు ఆధారం. దారిలో ఆంజనేయస్వామి గుడి దగ్గర ఆగి, ఫోటో కోసం ఐదు నిమిషాలు ఎక్కుతామనేవాళ్లు కాదు. హెల్మెట్ లేకుండా, మడమ ఉన్న బూట్లు లేకుండా ఎవరూ రికాబులో కాలు పెట్టకూడదు. కాగితం మీద సంతకం తీసుకోండి, కానీ ఆ సంతకం మిమ్మల్ని కాపాడుతుందని నమ్మకండి. మూడో మనిషికి దెబ్బ తగిలితే వర్తించే బీమా చేయించండి.

ఎండ గురించి మన ప్రాంతంలో పుట్టినదానివి, నీకు చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది తేమ గురించి. ఫారెన్‌హీట్ డిగ్రీలకు గాలిలో తేమ శాతం కలుపు. 150 దాటితే పని తగ్గించు, 180 దాటితే జీను వెయ్యకు. ఆగస్టు ఉదయం చల్లగా ఉందనుకుంటాం. 82 డిగ్రీలు, 85 శాతం తేమ కలిస్తే 167 అవుతుంది. ఉక్కలో ఉండీ ఉండీ కొన్ని గుర్రాలకు చెమట పట్టడమే ఆగిపోతుంది, అప్పుడు ఒళ్లు చల్లబడే దారే లేదు. మే నెల పొడి ఎండకు ఈ కూడిక సరిపోదు, ఆ నెల బడి మూసెయ్. సవారీ అయ్యాక దవడ కింద నాడి పట్టి చూడు. తీరిగ్గా ఉన్న గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. సవారీ ముగిసిన పావుగంటకు 60 కిందికి రాకపోతే ఆ రోజుకు దానికి సెలవు, వెనక ఎంతమంది వరసలో నిలబడినా సరే.

గుర్రాల బాగోగులు చూసే సైసును జాగ్రత్తగా చూసుకోండి. 2012 నుంచి 2019కి దేశంలో గుర్రాలు 45.6 శాతం తగ్గి 3.4 లక్షలకు చేరాయని పశుగణన చెప్పింది. గుర్రాలతో పాటే వాటిని తెలిసిన మనుషులూ తగ్గిపోతున్నారు. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించాలి, ఆ పనివాణ్ణి బయటినుంచి పిలిపించాల్సి రావచ్చు. ఆ ఖర్చు కాగితంలో చేర్చు. మెత్తటి ఎర్రనేల, ఇసుక మీదే తిరిగేవాటిలో కొన్నింటికి లాడం అక్కర్లేకుండా గడిచిపోతుంది. మంచి సైసు దొరికితే ఉండడానికి పక్కా గది, పిల్లల చదువుకు సాయం, నెల మొదట్లోనే జీతం. అన్నిటికన్నా ముఖ్యం, అతను ఈ గుర్రం ఇవాళ వద్దమ్మా అన్నప్పుడు నువ్వు అందరి ముందూ ఫర్వాలేదు ఎక్కించు అనకూడదు. ఒక్కసారి అలా అంటే రెండోసారి అతను చెప్పడు.

పెళ్లిళ్ల సీజనులో ఊరేగింపుకు గుర్రం అడుగుతారు. డీజే, బాణసంచా, మందు తాగినవాళ్ల మధ్య తిరిగివచ్చిన గుర్రం మీద మర్నాడు చిన్నపిల్లను కూర్చోబెట్టలేవు. పార్టీల ర్యాలీలకు అడుగుతారు. చుట్టాలు ఊరికే ఎక్కుతామంటారు. ఇవన్నీ వద్దని గుర్రాలు రాకముందే బోర్డు రాయించి గేటుకు కట్టండి. మొహమాటం బోర్డుకు ఉండదు. గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాల మీకు దగ్గరే. అవసరం పడినప్పుడు కాదు, ముందే వెళ్లి పరిచయం చేసుకోండి. గుర్రాలకు ధనుర్వాతం టీకా తప్పనిసరి, మీకూ పనివాళ్లకూ కూడా. ఇంకొక మాట. గుర్రం పాతికేళ్లు పైబడి బతుకుతుంది, ఇరవై దగ్గరపడితే పని మాన్పించాలి. మిగతా ఏళ్ల మేత ఎవరు పెడతారు? ప్రతి సవారీ డబ్బులోంచి కొంత పక్కన వేసి ఆ ఏళ్లకు ఇప్పటినుంచే దాచండి. నాలుగు గుర్రాల లద్దె ఏడాదికి ట్రక్కుల కొద్దీ వస్తుంది, బాగా మగ్గనిచ్చి చెట్లకు వేస్తే బావ కాస్త మెత్తబడతాడు.

ఇప్పుడు లెక్క మళ్లీ వెయ్యండి. నాలుగు గుర్రాలు, వారానికి 36 గంటలు, మే నెల మూత, తోట సవారీ రెండు మూడు నెలలే, ముసలి గుర్రాల నిధి తీసేశాక మిగిలేదెంత? ఇప్పటి కాగితం కన్నా చాలా తక్కువే వస్తుంది. అల్లుడు ఉద్యోగం మానకుండా, ఆ తక్కువతో ఇల్లు గడుస్తుందనిపిస్తే చలికాలంలో నేనొస్తాను, ముగ్గురం కలిసి సంతకు వెళ్దాం. గడవదని తేలితే ఈ వ్యాపారాన్నే కాదనండి, అప్పు చేసి మొదలుపెట్టొద్దు. గుర్రం మీద నీకున్న ఇష్టానికి ఒక్క గుర్రం చాలు. దానికి మేత మీ పొలంలోనే పండుతుంది, దానిమీద ఎవరు ఎక్కాలో నీ ఇష్టం.

కొత్త లెక్క వేసి పంపు. అక్కకు, బావకు నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
మీ మావయ్య