లెక్క తప్పితే ఆట బంద్: టెక్సాస్ 'నో పాస్, నో ప్లే'

అమెరికా హైస్కూళ్లలో ఆటగాళ్ల అర్హతకు వయసు, నివాసం, హాజరు, మార్కులు అన్నీ చూస్తారు. ఎక్కువ దుమారం రేపింది మాత్రం మార్కుల నిబంధనే. వ్యాపారవేత్త రాస్ పెరో కమిటీ సిఫార్సులతో టెక్సాస్ శాసనసభ 1984లో హౌస్ బిల్ 72 తెచ్చింది. అప్పటి గవర్నర్ మార్క్ వైట్.

ఆ చట్టంలోని 'నో పాస్, నో ప్లే' నిబంధన ప్రకారం మొదట్లో ఆరు వారాల గ్రేడింగ్‌లో ఒక్క సబ్జెక్టులో 70 కంటే తగ్గినా తర్వాతి ఆరు వారాలు పోటీలకు దూరం. అంటే లెక్కల్లో 69 వచ్చిన అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు క్వార్టర్‌బ్యాక్ శుక్రవారం రాత్రి మ్యాచ్‌ను గ్యాలరీలో కూర్చుని చూడాల్సిందే. బ్యాండు మేళానికీ ఇదే రూలు. ఆనర్స్ కోర్సులకు మినహాయింపు ఉంది, ఇది సమంజసమే: లేకుంటే కష్టమైన సబ్జెక్టు ఎవరు తీసుకుంటారు?

తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. పాఠ్యేతర కార్యక్రమాల్లో పాల్గొనడం ప్రాథమిక హక్కు కాదంటూ టెక్సాస్ సుప్రీంకోర్టు 1985లో చట్టాన్ని సమర్థించింది. అయినా ఆరు వారాలు మరీ ఎక్కువన్న వాదన ఆగలేదు, నిజానికి అందులో న్యాయం ఉంది. 1995 సవరణతో ప్రాక్టీసుకు వీలు కల్పించారు, మార్కులు మెరుగుపడితే మూడు వారాలకే తిరిగి ఆడొచ్చు.

అదే 1995లో అమెరికా సుప్రీంకోర్టు వెర్నోనియా కేసులో స్కూలు క్రీడాకారులకు డ్రగ్ పరీక్షలు చెల్లుతాయని 6-3తో తేల్చింది. మార్కుల సవరణనూ ఈ తీర్పునూ కలిపేసుకోవద్దు.

మన దేశంలో పేచీ మార్కులతో కాదు, పుట్టినతేదీతో. ఎందుకంటే స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు వయసును బట్టి అండర్ 14, 17, 19 విభాగాల్లో జరుగుతాయి.