గాజులో బొమ్మ ఎవరిది?

మన తెలుగులో చేతికి వేసుకునేదీ గాజే, కిటికీకి పెట్టేదీ గాజే. ఈసారి కిటికీ గాజు సంగతి చెప్పుకుందాం.

మెదక్ పెద్ద చర్చి పేరు మీరు వినే ఉంటారు. గూడెంలో రైలెక్కి సికింద్రాబాదులో దిగితే అక్కడికి సుమారు 100 కిలోమీటర్లు. చార్లెస్ పాస్నెట్ దొరగారు కరువు రోజుల్లో జనానికి పనీ కూడూ దొరికేలా దాన్ని కట్టించారు. 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. అందులో మూడు పెద్ద రంగుగాజు కిటికీలున్నాయి. క్రీస్తు ఆరోహణం కిటికీ 1927లో, పుట్టుక 1947లో, శిలువ 1958లో పెట్టారు. బొమ్మలు గీసింది ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్బరీ (1874-1962). రాజుల బొమ్మలు గీసి పేరు తెచ్చుకున్న మనిషే, కానీ 15 ఏళ్ళ వయసులో అన్నగారి రంగుగాజు కార్ఖానాలో పని నేర్చుకున్నాడు. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది ఇదే. ఎందుకో చూడండి.

ఇలాంటి కిటికీకి ముందు చిన్న బొమ్మ వేస్తారు. తర్వాత కిటికీ అంత కాగితం మీద గీస్తారు. దాన్ని కార్టూన్ అంటారు (పేపర్లో నవ్వించే కార్టూను కాదండోయ్!). గాజు కరిగేటప్పుడే రంగు కలుపుతారు. కోబాల్టు వేస్తే నీలం, ఇనుము ఉంటే ఆకుపచ్చ, రవ్వంత బంగారం వేస్తే ఎరుపు! ఆ పలకల్ని బొమ్మ ప్రకారం కోసి, కళ్ళూ ముక్కూ నల్లరంగుతో దిద్ది కొలిమిలో కాలుస్తారు. ఇక కడిగినా పోదు. చివరికి ముక్కల్ని సీసం పట్టీలతో కలిపి టంకం వేస్తారు.

చిక్కంతా ఇక్కడే. గాజు మనం అడిగినట్టల్లా తెగదు. కొడవలిలా లోపలికి బాగా వంగిన గీత మీద కోస్తే పటుక్కున విరుగుతుంది. సీసం పట్టీ వెలుగులో నల్లగా కనబడుతుంది, కాబట్టి మొహం మధ్యనుంచి పోకూడదు, బట్ట మడతలోనో రెక్క అంచునో దాక్కోవాలి. గాజు సంగతి తెలియని చిత్రకారుడు ఎంత అందంగా గీసినా పనివాడు తల పట్టుకుంటాడు. మన ఏలూరు తివాచీలదీ ఇదే లెక్క. గళ్ళ కాగితం మీద పట్టని వంపు ముడుల్లోనూ పట్టదు.

ఇటలీలో వెనిస్ పక్కన మురానో అని దీవులున్నాయి. మన కొల్లేటి లంకల్లాగే చుట్టూ నీళ్ళు. ఊళ్ళో నిప్పు భయమని 1291లో గాజు కొలుములన్నీ అక్కడికి మార్పించారు. 1950ల నుంచి ఎజిదియో కోస్తాంతీని అనే ఆయన పికాసో, షగాల్, మాక్స్ ఎర్నెస్ట్ లాంటి గొప్పవాళ్ళ బొమ్మలు తెచ్చి మురానో మేస్త్రీల చేత గాజు శిల్పాలు చేయించాడు. సుమారు వెయ్యి డిగ్రీల వేడిలో సాగే గాజు చల్లబడేలోగా పని ముగించాలి. పెన్సిలు గీతలాగా చెరిపి మళ్ళీ గీద్దామంటే కుదరదు. అయినా పెద్దక్షరాల్లో కనబడేది పికాసో పేరే. ఊదిన మేస్త్రీ ఎవరో వెతుక్కోవాలి. నాకిది న్యాయంగా అనిపించలేదు.

మెదక్ వెళ్ళేవాళ్ళు పగలే వెళ్ళండి. పొద్దు పోతే లోపలినుంచి ఆ కిటికీలు నల్లబడిపోతాయి. ఎండ ఉన్నప్పుడు నిలబడి, సీసం గీతల్ని ఎక్కడెక్కడ దాచారో పట్టుకోండి చూద్దాం.