వేసవికి రమ్మని మనవరాలికి

అంతర్వేది

చిరంజీవి బుజ్జికి అమ్మమ్మ ఆశీర్వదించి రాయునది.

ఈ ఎండల్లో అమ్మమ్మ ఊరెళితే పడవ షికారూ ఉండదు, కాలవలో ఈతా ఉండదు, ఏం చెయ్యను అని మీ అమ్మతో అన్నావట. నిజమే, రెండూ ఉండవు. ఎందుకుండవో తెలిస్తే నువ్వే బయల్దేరతావని ఈ ఉత్తరం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తీరంలో మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమిది. ఇప్పుడు తల్లిచేపను పట్టేస్తే రేపు వలలో పడేదేముంది? పల్లిపాలెంలో బోట్లన్నీ ఒడ్డుకు చేరాయి. మగవాళ్లు వలల చిరుగులు అల్లుతున్నారు, ఇంజన్లు విప్పి బాగుచేసుకుంటున్నారు. ప్రభుత్వమిచ్చే భృతితో ఇల్లు గడవనివాళ్లు కూలికి పోతున్నారు. ఆడవాళ్లు ముందే ఎండబెట్టుకున్న నెత్తళ్లు గంపలో పెట్టుకుని మన వీధికొస్తారు. వాళ్ల దగ్గర బేరమాడకూడదమ్మా. ఏడాది పొడుగునా మనం చేప తినాలని ఈ రెండు నెలలూ కష్టం ఓర్చుకుంటున్నది వాళ్లే.

కాలవల సంగతీ అంతే. దాళ్వా వరి కోతల వేళకు కట్టేస్తారు. ఆలోపే మంచినీళ్ల చెరువు నింపుకోవాలి. వేసవిలో పైనుంచి గోదారి నీరు తగ్గిపోతే, పోటు వేళ సముద్రపు నీరు మన వశిష్ఠ పాయలోకి ఎదురెక్కుతుంది. ఆ ఉప్పునీళ్లు తాగలేం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ ఈ సీమకు కాలవలే ప్రాణం. నీళ్లు ఆపితేనే గుర్రపుడెక్క లాగి, పూడిక తీసి, గట్లు పోసి, లాకుల తలుపులు బాగుచెయ్యగలరు. ఆ పని సరిగా జరగని ఏడు శివారు చేలకు నీరందదు. మనది శివారు ఊరు, ఆ బాధ మనకే తెలుసు.

ఇంట్లో మాత్రం ఇప్పుడే అసలు పని. ఆవకాయకు కాయ కడిగి, తడి లేకుండా తుడిచి, టెంకతో సహా కొట్టి, జీడి తీసి, పొర ఒలవాలి. కలిపిన మూడోనాడు జాడీలో తిరగకలిపి ఉప్పు చూడాలి. తాండ్రకు చాప మీద మామిడిరసం పలచగా పోసి, అది ఎండాకే మరో పొర పొయ్యాలి. తొందరపడి మందంగా పోస్తే లోపల ఆరక పులిసిపోతుంది. పొద్దున్నే తరవాణి అన్నం, ఎండెక్కాక తాటిముంజలు, సాయంత్రం పైరగాలి తిరిగాక అరుగు మీద కబుర్లు. రోహిణి కార్తె కూడా అలాగే దాటించేస్తాం.

మిగతా రోజులన్నీ నీటి నుంచి తీసుకుంటూనే ఉంటాం. ఈ రెండు నెలలూ తీసుకోవడం మాని, పాడైంది బాగుచేసి, రాబోయే ఏడాదికి దాచుకుంటాం. మన తీరం నిలబడింది ఈ ఓర్పు వల్లే. అది పుస్తకంలో చదివితే రాదు, నువ్వు వచ్చి చూడాలి, చేత్తో చెయ్యాలి.

నరసాపురంలో రైలు దిగి పంటు ఎక్కు. సఖినేటిపల్లి రేవులో మావయ్య ఉంటాడు. రెండు పాత నూలు జతలు తెచ్చుకో. ఈసారి ఆవకాయ కలిపేది నువ్వే.

ఆశీస్సులతో,
అమ్మమ్మ