సగం సగం చూసిన శక్తిమాన్

చెల్లె, శక్తిమాన్ అనంగనే నువ్వు గిరగిర తిరుగుడే చెప్తవ్. నాకైతే గంగాధరే యాదికొస్తడు. ఎత్తు పళ్ళు, పెద్ద కళ్ళద్దాలు, మెడల కెమెరా. ‘ఆజ్ కీ ఆవాజ్’ పేపర్ల ఫొటోలు తీసేటోడు. పేరడిగితే చాలు, పండిత్ గంగాధర్ విద్యాధర్ మాయాధర్ ఓంకార్‌నాథ్ శాస్త్రి అని దమ్ము తీయకుండ అప్పజెప్పేటోడు. మనకు హిందీ ఎంతొచ్చని? అయినా పడిపడి నవ్వినం.

టీవీల ఈ సీరియల్ 1997 సెప్టెంబర్ల మొదలైంది. తర్వాత తర్వాత ఆదివారం పగటి పన్నెండింటికి వచ్చేది. ఆ టైం పెట్టినోళ్ళ ఇంట్ల ఆడపిల్లలు లేనట్టున్నరు! ఆదివారం పన్నెండంటే మసాలా నూరుడు, తలస్నానాలు, బట్టలు పిండుడు. మానుకోటల మన తమ్ముళ్ళు టీవీ ముంగట సాపేసుకొని కూసుంటే, మనం అల్లం చేతులతోని గడప కాడ నిలబడి తొంగి చూసుడు. మిద్దె మీద యాంటెన్నా తిప్పేటోడు “వచ్చిందా?” అంటే, లోపల్నుంచి “చుక్కలే!” అని కేక. బొమ్మ కుదిరెయ్యాలకు అమ్మ పిలిచేది.

పొద్దుమీకి నల్లా కాడ ముక్కలు అతికించుకునేటోళ్ళం. డాక్టర్ జాకాల్ ‘పవర్’ అని అరిచింది నువ్వు చూసినవ్. విలన్ కిల్విష్ చీకటిల కూసోని బెదిరించింది అక్క చూసింది. నేనేమో గీతా విశ్వాస్ ఆపదల పడ్డది చూసిన. గీత మొఖం మారిందని అక్క ఒకటే పంచాయితీ! అది నిజమే. మొదలు కిటూ గిద్వానీ, తర్వాత వైష్ణవి మహంత్ చేసిన్రు.

గీతంటే నాకు పానం. విలేకరి. ఎవ్వరికీ జంకకుండ దొంగల అడ్డాలకే పోయేది. కానీ పక్కనే ఉన్న గంగాధరే శక్తిమాన్ అని గుర్తుపట్టదు, ఆయన ఏడని లోకమంత వెతుకుతది! 1938ల సూపర్‌మాన్ పుట్టినప్పటి సందే ఉన్న ఉపాయమిది. మనకైతే ఇంకా పాతది, విరాటుని కొలువుల బృహన్నల లేడా? జనగామ దిక్కు చిందు యక్షగానం చూసినోళ్ళకు వేషం కట్టుడు, నవ్వించుడు కొత్తనా? అప్పిరెడ్డిపల్లి గడ్డం సమ్మయ్యకు 2024ల పద్మశ్రీ వచ్చింది ఆ చిందుకే గద.

ఒక్కటి మాత్రం భయం. శక్తిమాన్ వచ్చి కాపాడుతడని పిల్లలు పానం మీదికి తెచ్చుకున్నరని అప్పట్ల పేపర్ల వచ్చింది. అట్ల చేయొద్దని శక్తిమాన్ వేషమేసిన ముఖేష్ ఖన్నానే టీవీల చెప్పవల్సి వచ్చింది. నీ కొడుకు ఫోన్ల చూస్తుండంటివి, పక్కన కూసో.

మనమిప్పుడుంటున్న మూడు ఊర్లూ అప్పుడు ఒక్క వరంగల్ జిల్లనే. 2016ల జిల్లాలు విడిపోయినంక అక్క జనగామ, నేను మానుకోట, నువ్వు భూపాలపల్లి, తలొక జిల్లా అయినం. ఈ ఆదివారం ముగ్గురం ఒక్కటే ఎపిసోడ్ పెట్టుకొని మొదటి నుంచి ఆఖరు దాక చూద్దాం. కూర కాడ మరిదిని నిలబెట్టు. ఉప్పు ఎంతెయ్యాల్నో ముందే చెప్పు, నడుమల లేపుతడు.